నడినెత్తిన స్లాబు: ఇంటి కప్పు ఎంత వేడిని ఆపుతుంది?

మా మదరసా పై అంతస్తులో విద్యార్థులు పడుకునే హాలు ఒకటి ఉన్నది. 20 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు. దాని మీద 5 అంగుళాల స్లాబు, స్లాబు మీద ఆకాశం. చాలా సంవత్సరాలపాటు ఆ హాలు వేసవిలో మాకొక సమస్యగా తోచలేదు. అందులో మా గొప్పతనమేమీ లేదు, చంద్రమాన పంచాంగం మమ్మల్ని కాపాడింది. 2018, 2019 సంవత్సరాలలో రమజాన్ మే నెలలో మొదలైంది. షాబాన్‌లో వార్షిక సెలవులకు ఇళ్ళకు వెళ్ళిన పిల్లలు షవ్వాల్‌లో తిరిగి వచ్చేసరికి తొలకరి పడేది. హిజ్రీ సంవత్సరం సౌర సంవత్సరం కన్నా సుమారు 11 రోజులు చిన్నది కనుక రమజాన్ ఏటేటా ముందుకు జరుగుతూ 2025 నాటికి మార్చికి చేరింది. ఇప్పుడు మా కొత్త విద్యా సంవత్సరం సరిగ్గా ఎండలు ముదిరే ఏప్రిల్‌లో మొదలవుతున్నది. ఖాళీగా ఉండవలసిన హాలు నిండుగా ఉంటున్నది.

ఆ హాలులోని ఇబ్బందిని మేము మొదట గుర్తించినది మధ్యాహ్నం కాదు, తెల్లవారుజామున. ఫజ్ర్ తరువాత సబఖ్ వినిపించవలసిన పిల్లలు కూర్చున్నచోటే తూలిపోతున్నారు. చెమటకాయలతో వీపులు ఎర్రబడి ఉన్నాయి. రాత్రి ఏమైందని అడిగితే, “హజ్రత్, ఇషా తరువాతే పైకప్పు బాగా కాలుతుంది, పన్నెండు దాటే వరకు నిద్ర పట్టదు” అన్నారు. తొమ్మిదేళ్ళ ఒక బాలుణ్ణి అతని తండ్రి వచ్చి తీసుకువెళ్ళారు. వానలు పడ్డాక పంపుతానన్నారు. ఆ బాలుడు అప్పటికి నాలుగు పారాలు కంఠస్థం చేశాడు. మధ్యలో రెండు నెలలు ఆగితే చేసినది కూడా జారిపోతుందని ఈ విద్య నేర్పేవారందరికీ తెలుసు.

కమిటీ కూర్చున్నది. ఒక దాత రెండు ఏసీలు ఇప్పిస్తానన్నారు. ఏసీ ఒకసారి ఇచ్చేవారు దొరుకుతారు, నెలనెలా కరెంటు బిల్లు ఎవరు ఇస్తారన్నది మరొకరి ప్రశ్న. స్లాబు మీద వేడిని ఆపే పలకలు పరిపిస్తే సరిపోతుందని గల్ఫ్‌లో మేస్త్రీగా పనిచేసి వచ్చిన ఒక సోదరుడు సలహా ఇచ్చారు. ఎంత మందం వేయాలి, వేస్తే ఎంత వేడి తగ్గుతుంది అని అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు. వారసత్వ వాటాల లెక్క, అనగా ఫరాయిజ్ బోధించేవారం కనుక లెక్క ఏదైనా మా నెత్తినే పడుతుంది. ఇదీ అలాగే పడింది. నేర్చుకున్నాము, మధ్యలో ఒక పెద్ద పొరపాటు చేశాము, దిద్దుకున్నాము. ఇల్లు కట్టుకుంటున్న కుటుంబాలకు, ఎండాకాలం పై అంతస్తులో కాలం గడుపుతున్న కుటుంబాలకు ఇది పనికివస్తుందని ఇక్కడ వివరిస్తున్నాము.

మందాన్ని వాహకతతో భాగించాలి

వేడి ఎప్పుడూ ఎక్కువ వేడిగా ఉన్న వైపు నుండి తక్కువ వేడిగా ఉన్న వైపుకు ప్రయాణిస్తుంది. దారిలో ఉన్న ప్రతి పొర దానిని కొంత అడ్డుకుంటుంది. ఆ అడ్డుకునే శక్తినే ఉష్ణ నిరోధం అంటారు. ఇంజనీర్లు దీనిని ‘ఆర్ విలువ’ అని పిలుస్తారు. ఫ్రాన్సు దేశపు గణిత శాస్త్రవేత్త జోసెఫ్ ఫోరియర్ ఘనపదార్థాలలో వేడి ప్రసరించే తీరును వివరిస్తూ 1822లో ఒక గ్రంథం ప్రచురించారు. నేటి గోడల లెక్కలన్నింటికీ పునాది అదే.

ప్రతి పదార్థానికి ఉష్ణ వాహకత అనే గుణం ఉంటుంది. అది ఎంత ఎక్కువైతే వేడి అంత సులభంగా దాటిపోతుంది. మీటరుకు, ఒక డిగ్రీ తేడాకు ఇన్ని వాట్లు అని దానిని కొలుస్తారు. మన దేశపు పట్టికలలో ఇనుము వేసిన కాంక్రీటుకు 1.58, కాల్చిన ఇటుకకు 0.81, సిమెంటు ప్లాస్టరుకు 0.72 అని ఉంటుంది. మనం థర్మోకోల్ అని పిలిచే తెల్లని పలకకు సుమారు 0.036. దానికి దగ్గరి బంధువైన, ఇంకా గట్టిదైన ఎక్స్‌పీఎస్ పలకకు సుమారు 0.029. కదలని గాలికి 0.026. ఈ చివరి రెండు అంకెలు ఎంత దగ్గరగా ఉన్నాయో పాఠకులు గమనించాలి. వేడిని ఆపే పదార్థాలలో అత్యధికం నిజానికి గాలిని చిన్న చిన్న గదులలో బంధించి ఉంచే పంజరాలే. ఆ గదులలోకి నీరు చేరితే పని చెడిపోతుంది. నీటి వాహకత సుమారు 0.6, అంటే గాలికి ఇరవై రెట్లకు పైన.

ఒక పొర యొక్క నిరోధం కనుక్కోవడానికి దాని మందాన్ని మీటర్లలో తీసుకొని వాహకతతో భాగించాలి. మీటర్లలో అన్న మాట మరచిపోతే జవాబు వెయ్యి రెట్లు తప్పుతుంది.

ఘనపదార్థాలే గాక, కప్పుకు పైనా కిందా అంటుకొని ఉండే పలుచని గాలి పొరలు కూడా కొంత నిరోధాన్ని ఇస్తాయి. వేడి పైనుండి కిందికి దిగే కప్పు విషయంలో లోపలి గాలి పొరకు 0.17, బయటి గాలి పొరకు 0.04 అని లెక్కలో తీసుకుంటారు. గోడకైతే లోపల 0.13, బయట 0.04.

ఇక మా హాలు కప్పు. 5 అంగుళాల స్లాబు అనగా 125 మిల్లీమీటర్లు, 0.125 మీటరు. దానిని 1.58తో భాగిస్తే 0.079. కింద 12 మిల్లీమీటర్ల ప్లాస్టరుకు 0.017. రెండు గాలి పొరలకు కలిపి 0.21. మొత్తం 0.306.

ఈ లెక్క వేసిన రోజు మేము దానిని రెండుసార్లు సరిచూసుకున్నాము. కాంక్రీటు ఇచ్చే నిరోధం కన్నా, కంటికి కనిపించని రెండు గాలి పొరలు ఇచ్చే నిరోధం రెండు రెట్లకు మించి ఉన్నది! మనం లక్షలు పోసి పోసిన స్లాబు బరువును మోస్తుంది, వాననూ ఆపుతుంది, వేడిని మాత్రం దాదాపు ఆపదు. జింకు రేకు సంగతి ఇంకా విచిత్రం. అర మిల్లీమీటరు రేకు నిరోధం సున్నా అనుకున్నా తప్పులేదు, అక్కడ ఉన్నదంతా ఆ గాలి పొరల 0.21 మాత్రమే. అంటే వేడిని ఆపడంలో స్లాబు ఇంటికీ రేకుల ఇంటికీ ఉన్న తేడా 0.1 కూడా కాదు.

దీనికి ఎదురుగా ఒత్తుగా కట్టిన గడ్డి కప్పును పెట్టి చూడండి. గడ్డి కప్పు వాహకత సుమారు 0.07. ఆరు అంగుళాల మందానికి నిరోధం 2 దాటుతుంది. మా అమ్మమ్మగారి పూరింటిలో జుహ్ర్ వేళ చాప పరచుకొని పడుకోగలగడానికి కారణం మా చిన్నతనం కాదన్నమాట. నిప్పు భయానికి, ఏటేటా కప్పు నేసే ఖర్చుకు, నలుగురిలో చిన్నతనానికి ఆ కప్పులను వదిలివేశాము. నిప్పు భయం నిజమైనదే, మేము దానిని తక్కువ చేయడం లేదు. అయితే డాబా కట్టినప్పుడు పూరిల్లు చేస్తున్న ఒక పనిని మరొకరికి అప్పగించకుండానే దానిని పడగొట్టాము.

తలకిందులు చేస్తే వచ్చేది

మొత్తం నిరోధం దొరికాక 1ని దానితో భాగిస్తే వచ్చే దానిని ‘యు విలువ’ అంటారు. ఒక చదరపు మీటరు కప్పు గుండా, ఒక డిగ్రీ తేడాకు ఎన్ని వాట్ల వేడి దిగుతుందో అది చెబుతుంది. ఆర్ ఎంత పెద్దదైతే అంత మంచిది, యు ఎంత చిన్నదైతే అంత మంచిది. మా హాలు కప్పు యు విలువ 3.27. కేంద్ర ప్రభుత్వ విద్యుత్ శాఖ 2018లో విడుదల చేసిన ‘ఎకో నివాస్ సంహిత’ నివాస భవనాల కప్పుకు నిర్దేశించిన గరిష్ఠ పరిమితి 1.2. ఆ నిబంధన 500 చదరపు మీటర్లు, అంతకు మించిన స్థలాలలో కట్టే భవనాలను ఉద్దేశించినది. కనుక మనలో చాలామంది ఇళ్ళు దాని పరిధిలోకే రావు. పరిధిలోకి రానంత మాత్రాన ఎండ తక్కువ కాయదు కదా. దుబాయి నగరం 2003లోనే కప్పుకు 0.44, గోడకు 0.57 అని నియమం పెట్టుకున్నది. అక్కడ ఆ పలకలు పరిచి వచ్చిన మన మేస్త్రీలు ఇక్కడ తమ సొంత ఇంటికి వట్టి స్లాబు పోసుకుంటున్నారు.

ఇక్కడ ఒక హెచ్చరిక. కూడవలసినది ఆర్ విలువలను, యు విలువలను కాదు. మా ఫరాయిజ్ తరగతిలో కొత్త విద్యార్థి సగం వాటానూ మూడోవంతు వాటానూ ఒకే హారానికి తీసుకురాకుండా కూడబోతాడు, మేము బెత్తం చూపుతాము. యు విలువలను నేరుగా కూడడం కూడా అటువంటి తప్పే. ముందు పొరలన్నింటి నిరోధాలను కూడాలి, చివరన ఒక్కసారి తలకిందులు చేయాలి.

ఇప్పుడు వాట్లు. మే నెల మిట్టమధ్యాహ్నం స్లాబు పైముఖం 60 డిగ్రీలకు చేరిందనీ, హాలులోని గాలి 35 డిగ్రీల వద్ద ఉన్నదనీ అనుకుందాము. తేడా 25 డిగ్రీలు. పైముఖపు వేడిని నేరుగా తీసుకున్నాము కనుక బయటి గాలి పొర 0.04 ఇక లెక్కలోకి రాదు. మిగిలిన నిరోధం 0.266. 25ను దానితో భాగిస్తే చదరపు మీటరుకు 94 వాట్లు. హాలు వైశాల్యం 800 చదరపు అడుగులు, అనగా 74.3 చదరపు మీటర్లు. మొత్తం దాదాపు 7,000 వాట్లు. వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టెలు ఏడింటిని వేడిచేసి పిల్లల నెత్తి మీద బోర్లించినట్లు!

ఒక టన్ను ఏసీ తీసివేయగలిగే వేడి సుమారు 3,500 వాట్లు. కమిటీలో దాత ఇస్తామన్న రెండు టన్నులూ కప్పు నుండి దిగే ఈ వేడికే సరిపోతాయి. పిల్లల శరీరాల వేడికి, గోడలకు, కిటికీలకు ఏమీ మిగలదు. పైగా ఏసీ వేసి గదిని 28 డిగ్రీలకు దించితే తేడా 25 నుండి 32కు పెరుగుతుంది, కప్పు నుండి దిగే వేడి కూడా అంతకంతకు పెరుగుతుంది. ఏసీ వద్దని వాదించడం మా ఉద్దేశం కాదు. చిల్లు కుండలో నీళ్ళు పోసే ముందు చిల్లు ఎంతో చూసుకోవాలన్నదే.

మేము చేసిన పొరపాటు

పలకలు అమ్మే ఒక దుకాణదారు మాకొక కాగితం ఇచ్చారు. అంగుళం మందపు ఎక్స్‌పీఎస్ పలకకు ఆర్ విలువ 5 అని అందులో అచ్చయి ఉన్నది. మేము సంతోషించి ఆ 5ను మా లెక్కలో చేర్చాము. దానిపై పోయవలసిన 40 మిల్లీమీటర్ల సిమెంటు పూతకు 0.056, ఉన్న కప్పుకు 0.266. మొత్తం 5.32. అంటే 7,000 వాట్ల వేడి 350 వాట్లకు పడిపోతుంది! ఒక్క అంగుళంతోనే! కమిటీ ముందు నిలబడి ఆ మాటే చెప్పాము. వసూలు చేయవలసిన చందా మొత్తం కూడా అంగుళం పలకల ధరకే తీర్మానమైంది.

ఆ రాత్రి మాకు ఒక చిన్న అనుమానం కలిగింది. అంగుళం అంటే 0.025 మీటరు. దానిని పట్టికలోని 0.029తో భాగిస్తే 0.86 రావాలి. 5 ఎక్కడ నుండి వచ్చింది? ఎన్నిసార్లు చేసినా 0.86 వచ్చింది. కాగితాన్ని మళ్ళీ దీపం కిందికి తెచ్చి చూస్తే అంకె పక్కన చిన్న అక్షరాలలో కొలమానం ఉన్నది. అది అమెరికా కొలమానం. అడుగులు, ఫారెన్‌హీట్ డిగ్రీలు, అక్కడివారి వేడి కొలతతో కట్టిన లెక్క. ఆ ఆర్ విలువను మన మెట్రిక్ లెక్కలోకి మార్చాలంటే 5.68తో భాగించాలి. 5ను అలా భాగిస్తే 0.88. కాగితం అబద్ధం చెప్పలేదు, చదివినవారమే తొందరపడ్డాము.

సరిచేసిన లెక్కలో అంగుళం పలకతో దిగే వేడి 350 వాట్లు కాదు, 1,570 వాట్లు. నాలుగు రెట్లకు మించిన తేడా. ఇతరులు నమ్మి ఇచ్చే సొమ్ము మీద చెప్పిన మాట అది. మరునాడు మగ్రిబ్ తరువాత కమిటీ పెద్దలను మళ్ళీ కూర్చోబెట్టి, నిన్న చెప్పినది తప్పని, తప్పు మాదేనని, ఎక్కడ జరిగిందో నల్లబల్ల మీద రాసి చూపించాము. మొదట కొంత నిశ్శబ్దం. తరువాత అందరికన్నా పెద్దాయన, “మౌలానా, రెండంగుళాలు వేస్తే ఎంత?” అన్నారు. ఆ ఒక్క ప్రశ్న మమ్మల్ని గట్టెక్కించింది.

రెండంగుళాలకు 910 వాట్లు. మూడింటికి 640. నాలుగింటికి 490. ఈ అంకెలను వరుసగా చూస్తే ఒక విషయం తేటపడుతుంది. మొదటి అంగుళం 5,400 వాట్లకు పైగా ఆపుతున్నది. రెండవది మరో 660. మూడవది 270. నాలుగవది 150 కూడా కాదు. ధర మాత్రం ప్రతి అంగుళానికీ ఒకటే. ఏసీ లేని ఇంటికి ఒక అంగుళమైనా వేయడం ఎంతో మేలు. పగలూ రాత్రీ మనుషులుండే చోట, ఏసీ ఆలోచన ఉన్న చోట రెండు అంగుళాలు న్యాయం. మన వాతావరణంలో నాలుగు అంగుళాలు వేయమని ఎవరైనా చెబితే ఎందుకని అడగండి. మేము రెండంగుళాల వద్ద ఆగాము. యు విలువ 0.48కి వచ్చింది.

లెక్క చెప్పనిది

పైన చేసిన లెక్కలో ఒక మినహాయింపు ఉన్నది. పైన 60 డిగ్రీలు, కింద 35 డిగ్రీలు గంటల తరబడి మారకుండా నిలిచి ఉంటేనే అది సరిగ్గా సరిపోతుంది. సూర్యుడు నిలిచి ఉండడు. స్లాబు బరువైనది, దానంతట అది కాగడానికి చాలా వేడిని మింగుతుంది, కనుక మధ్యాహ్నం దిగే వేడి మా అంకె కన్నా తక్కువే. కాని మింగిన వేడి ఎక్కడికీ పోదు. పైముఖం చల్లబడుతున్న వేళకు, కొన్ని గంటలు ఆలస్యంగా, కింది ముఖం కాగుతుంది. ఇషా తరువాతే కప్పు బాగా కాలుతుందని పిల్లలు చెప్పిన మాటలో అతిశయోక్తి ఏమీ లేదు.

పలకను స్లాబు పైన పరచాలా, లోపల సీలింగుకు అంటించాలా అన్న ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉన్నది. నిరోధాల కూడికలో పొరల వరుస మారినా మొత్తం మారదు. అయితే పలక లోపల ఉంటే స్లాబు ఎండకు కాగుతూనే ఉంటుంది, పగటికీ రాత్రికీ సాగి ముడుచుకుంటూ పగుళ్ళు ఇస్తుంది. పలక పైన ఉంటే స్లాబు నీడలో ఉన్నట్లు ఉంటుంది. మరొక భయం కూడా ఉన్నది. థర్మోకోల్ జాతి పలకలు నిప్పుకు త్వరగా అంటుకుంటాయి, విషపు పొగ వదులుతాయి. వాటిని గది లోపల, ముఖ్యంగా వంటింట్లో, కప్పు వేయకుండా అంటించడం ఎంతమాత్రమూ తగదు. పైన వేసి సిమెంటుతో కప్పినప్పుడు ఆ భయం చాలావరకు తీరుతుంది.

సున్నం సంగతి చాలామంది అడుగుతారు. తెల్ల సున్నం గాని, ఎండను తిప్పికొట్టే తెల్లరంగు గాని నిరోధాన్ని పెంచదు, మా కూడికలో దానికి స్థానమే లేదు. అది చేసే పని వేరు. ఎండను వెనక్కి పంపి పైముఖం 60కి చేరకుండా చూస్తుంది, అనగా తేడానే తగ్గిస్తుంది. ఖర్చు తక్కువ, ఫలితం వెంటనే కనిపిస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రకటించిన చల్లని పైకప్పుల విధానం ఈ సూత్రం మీదనే నిలిచి ఉన్నది. చేతిలో డబ్బు లేనివారు ఈ వేసవికి సున్నంతోనే మొదలుపెట్టవచ్చు. దుమ్ము పట్టి నలుపెక్కితే గుణం పోతుంది కనుక ప్రతి ఏడూ ఎండలకు ముందు మళ్ళీ వేయాలి. మేము పలకల మీది సిమెంటు పూతకు కూడా తెల్లరంగు వేయించాము.

ఫాల్స్ సీలింగ్ వేస్తే చల్లబడుతుందని చెప్పేవారున్నారు. మూసి ఉన్న గాలి ఖాళీకి కప్పు విషయంలో నిరోధం సుమారు 0.2. ఖాళీని అంగుళం నుండి అడుగుకు పెంచినా అది పెద్దగా పెరగదు. జిప్సం పలకకు ఇంకొక 0.06. అంతా కలిపి పావు అంగుళపు ఎక్స్‌పీఎస్ పలకకు కొంచెం ఎక్కువ. అందానికి వేసుకుంటే వేసుకోవచ్చు.

గోడల విషయం

కొత్తగా ఇల్లు కట్టేవారికి గోడల లెక్క కూడా కొంత తెలియాలి. 9 అంగుళాల ఇటుక గోడ 230 మిల్లీమీటర్లు. దానికి 0.284, రెండు వైపుల ప్లాస్టరు కలిపి 30 మిల్లీమీటర్లకు 0.042, గాలి పొరలకు 0.17. మొత్తం 0.495, యు విలువ 2.02. దాని స్థానంలో 200 మిల్లీమీటర్ల ఏఏసీ బ్లాకు, అదే నీటిలో తేలే తేలిక బ్లాకు, పెడితే వాహకత 0.184 కనుక బ్లాకుకే 1.087 వస్తుంది. మొత్తం 1.30, యు విలువ 0.77. మందం తగ్గింది, నిరోధం రెండున్నర రెట్లు అయింది.

ఇంతవరకు అమ్మేవారు కూడా చెబుతారు. వారు చెప్పని మాట పిల్లర్ల గురించి. గోడ మధ్యలో కాంక్రీటు పిల్లర్లు, బీములు ఉంటాయి. అంతే మందపు కాంక్రీటు భాగానికి మొత్తం నిరోధం 0.338, యు విలువ 2.96. గోడలో 15 శాతం కాంక్రీటు ఉన్నదనుకుందాము. ఇక్కడ వేడి పొర తరువాత పొరగా కాదు, పక్కపక్కనే రెండు దారులలో పోతున్నది. కాబట్టి ఇప్పుడు సగటు తీయవలసినది యు విలువలకు. 0.77లో 85 శాతం, 2.96లో 15 శాతం, కలిపితే 1.10. ఏడింట ఒక వంతుకు కాస్త పైగా ఉన్న కాంక్రీటు, గోడ గుండా వచ్చే మొత్తం వేడిలో ఐదింట రెండు వంతులు మోసుకొస్తున్నది. ఒకదాని మీద ఒకటి ఉన్న పొరలకు ఆర్ కూడాలి, పక్కపక్కన ఉన్న భాగాలకు యు సగటు తీయాలి. ఈ రెండింటినీ కలగాపులగం చేసిన లెక్కలు ఇంజనీర్ల కాగితాలలో కూడా మేము చూశాము.

పని జరిగిన తీరు

ముందుగా స్లాబు మీది పగుళ్ళు పూడ్చి, నీరు దిగకుండా పూత వేశారు. దాని మీద అంగుళం పలకలను రెండు వరుసలుగా పరిచారు. కింది వరుస అతుకు మీదికి పై వరుస అతుకు రాకుండా జరిపి పరచడం ముఖ్యం. లేకపోతే వేడి అతుకుల గుండా దారి చేసుకుంటుంది. పైన ప్లాస్టిక్ పట్టా, సన్నని ఇనుప జాలీ, 40 మిల్లీమీటర్ల సిమెంటు పూత. అంతా కలిసి మూడున్నర అంగుళాలు పెరిగింది. మేము మరచిన సంగతి అప్పుడు బయటపడింది. వాననీరు పోయే గొట్టాల నోళ్ళు పాత మట్టంలోనే ఉండి కొత్త పూత కింద కప్పబడబోయాయి. మేస్త్రీ పని ఆపి, ఒక రోజంతా వాటిని పైకి లేపవలసి వచ్చింది. పిట్టగోడ ఎత్తు కూడా ఆ మేరకు తగ్గింది. పై అంతస్తులో చిన్నపిల్లలు తిరిగే ఇళ్ళవారు దీనిని ముందే చూసుకోవాలి.

ఫలితం ఇలా ఉన్నది. ఇషా తరువాత కప్పు ఇప్పుడు సెగ కొట్టడం లేదు. అయితే హాలు చల్లగా ఉన్నదని చెప్పము, బయటి గాలి 40 డిగ్రీలుంటే లోపల చలి పుట్టదు. పైగా ఒక కొత్త సంగతి నేర్చుకున్నాము. వేడిని రానివ్వని కప్పు వేడిని పోనివ్వదు కూడా. ముప్పై మంది పిల్లల వేడి లోపలే నిలుస్తుంది. కనుక మగ్రిబ్ తరువాత బయటి గాలి చల్లబడగానే ఎదురెదురు కిటికీలన్నీ తెరవాలి, ఉదయం ఎండ ఎక్కక ముందే మూయాలి. మొదటి వారం ఎవరూ ఈ పని చేయలేదు, పిల్లలు మళ్ళీ మా వద్దకు వచ్చారు. ఇప్పుడు అది ఇద్దరు పెద్ద విద్యార్థుల బాధ్యత.

మొదట్లో చెప్పిన బాలుణ్ణి తండ్రి వానల కోసం ఆగకుండానే జూన్ మొదటి వారంలో తెచ్చి దింపారు. ఒక పారా జారింది, మూడు నిలిచాయి.

ఇక మిగిలినది పడమటి గోడ. అది 9 అంగుళాల ఇటుక, అస్ర్ నుండి మగ్రిబ్ వరకు నేరుగా ఎండ. పిల్లలు తమ పరుపులను ఆ గోడకు రెండడుగుల దూరం జరిపి వేసుకుంటున్నారు. ఫరాయిజ్ తరగతిలోని పెద్ద విద్యార్థులు బయటి వైపు అంగుళం పలక, దాని మీద ప్లాస్టరు వేస్తే 0.495 ఎంత అవుతుందో నల్లబల్ల మీద చేసి చూపారు. 1.38 వచ్చింది. ఈసారి కొలమానం ఏమిటని మేము అడగక ముందే వారే రాశారు. వచ్చే నెల కమిటీలో ఆ కాగితాన్ని వారి చేతనే చదివించాలని అనుకుంటున్నాము.